ట్యూబు కట్టుకున్న సైంటిస్టు

కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన్ని వీధిలో ‘సైంటిస్టు’ అంటారు. ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరును ఆయన బిరుదుగా తగిలించుకున్నాడు. ఇంటి ముందుగదే దుకాణం, ఫోనే గురువు. చేతికి కాసేపు రక్తం ఆపి వదులుతుంటే మెదడు తన రక్షణ తనే సిద్ధం చేసుకుంటుందనీ, పక్షవాతం వచ్చినా దెబ్బ తగ్గుతుందనీ ఆ గురువు చెప్పాడు. అది ఇంకా పరిశోధనలోనే ఉందన్న ముక్క మాత్రం ఆయన చెవికెక్కలేదు. సైకిల్ ట్యూబు కోసి రోజూ పొద్దున్నే కుడిచేతికి బిగించడం, బీపీ మాత్రలు మానేయడం, రెండూ ఒకే రోజు మొదలుపెట్టాడు.

కోడలు బయాలజీ చదివింది. తన పసిపాప తుమ్మినా థర్మామీటరు తీసే మనిషి.

“మామయ్యా, ట్యూబు మాత్రకు బదులు కాదు. మీరు మంచాన పడితే పసిదాన్ని చూసుకోనా, మిమ్మల్నా?”

“నువ్వు పుస్తకాలు చదివావమ్మాయ్, నేను మిషన్లు విప్పాను. మెదడూ మిషనే.”

ఒక ఉదయం ట్యూబు విప్పినా చెయ్యి మొద్దుబారే ఉంది. ఇవాళ మోతాదు బాగా పడిందని మహానుభావుడు మురిసిపోయాడు. అలా అరగంట. పాపను చంకనేసుకుని వచ్చిన కోడలికి ఆయన నోరు కుడివైపు జారి కనిపించింది.

“ట్యూబు... వల్ల,” అన్నాడు ముద్దగా.

“మూతికి కట్టుకోలేదుగా ట్యూబు! ఆటో పిలవండి అత్తయ్యా!”

ఆసుపత్రిలో డాక్టరు అడిగింది ఒకటే: ఎప్పుడు మొదలైంది? మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు కొన్ని గంటల్లోపే ఇవ్వాలి, అందుకు అది తెలియాలి. ట్యూబు తిమ్మిరి ఎక్కడ ఆగిందో, జబ్బు ఎక్కడ మొదలైందో సైంటిస్టుగారికే తెలియదు. కోడలు అత్తగారి వైపు తిరిగింది.

“ఎనిమిదిన్నరకి బాగానే ఉన్నారండీ. టీలో పంచదార తక్కువైందని తిట్టారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు,” అంది అత్తగారు.

డాక్టరు ఆ టైమే రాసుకుని, స్కాన్ చూసి మందు ఎక్కించాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన తిట్లు ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మాట తిరిగొచ్చింది, నడక వచ్చింది. వేళ్లు మాత్రం పూర్తిగా రాలేదు. నెల తర్వాత దుకాణం తెరిచాడు.

“గట్టి మెదడు కాబట్టి తనని తనే కాపాడుకుంది. డాక్టర్లదేముంది!” అన్నాడు, మిషను తెచ్చిన దర్జీ ఆవిడతో. గడపలో ఉన్న కోడలు పళ్లు కొరికింది.

అంటుండగానే చిన్న మరమేకు వేళ్లలోంచి జారింది. తీశాడు. మళ్లీ జారింది. మూడోసారి ఆవిడే వంగి తీసి బల్లమీద పెట్టింది.

“పర్వాలేదులెండి, ఇంకోచోట చేయించుకుంటా,” అని మిషను సంచీలో పెట్టుకుంది.