తొట్టి చూపించిన వేడి

ఆ వేసవిలో నేను ఒక్కరోజైనా కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో పిహెచ్‌డి చేస్తున్నాను. బోయిన్‌పల్లిలో అత్తగారింట్లో ఉండేదాన్ని.

నా పని ఒక రకం పాలిమర్ గొలుసులతో. గొలుసు రెండు కొసలకీ నీళ్లంటే ఇష్టం, నడిమి భాగానికి గిట్టదు. చల్లటి నీళ్లలో గొలుసులన్నీ విడివిడిగా కరిగి ఉంటాయి. వేడెక్కితే నడిమి భాగాలు నీటికి దూరంగా జరిగి ఒకచోట ముద్దకడతాయి. ఆ ముద్దే మిసెల్. కంటికి కనబడదు కనుక, వెలుగునిచ్చే పైరీన్ అనే పదార్థం కాస్త కలిపి, వెలుగును కొలిచే స్పెక్ట్రోమీటర్‌లో చూసేదాన్ని. పైరీన్ మిసెల్‌లోకి దూరితే దాని వెలుగు తీరు మారుతుంది. ఏ వేడి దగ్గర మారిందో చెప్పాలి.

కానీ ఒకే ద్రావణానికి ఆ వేడి రోజుకో అంకెగా వచ్చేది. సదస్సుకు పేపరు పంపే గడువు దగ్గరపడింది. "గ్రాఫ్ ఏమైందమ్మా?" అని మా గైడు సార్ పొద్దునా సాయంత్రం అడిగేవారు. నాకు అన్నం కూడా నిలబడే తినాలనిపించేది.

ఒక శనివారం అత్తమ్మ ప్రయోగశాలకు వచ్చింది. బడిపంతులమ్మగా రిటైరైన మనిషి. సాయంత్రం ఇద్దరం కళ్లద్దాల దుకాణానికి వెళ్లాలి. ఆమె స్టూలు మీద కూర్చుంది. నేను తొట్టిలో నీళ్లు వేడిచేస్తూ, దాని మీది డిగ్రీల అంకె మారగానే రీడింగు తీసుకుంటూ పోతున్నాను. ఆ వేడినీళ్లే గొట్టాల గుండా వచ్చి, నా ద్రావణం ఉన్న క్యువెట్ అనే చిన్న గాజుపాత్ర చుట్టూ తిరుగుతాయి. సగంలో కరెంటు పోయింది. నేను గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను.

"ఏందమ్మా, గింత పరేషాన్? జెర కూర్చో."

"మల్ల మొదటి నుంచి చెయ్యాలె అత్తమ్మా!"

"నువ్వు తిరిగితే వస్తదా కరెంటు?"

కరెంటు వచ్చేసరికి తొట్టి కాస్త చల్లారింది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక అలాగే ఒక రీడింగు తీశాను. తొట్టి మీద నలభై రెండు డిగ్రీలు. పొద్దున అదే నలభై రెండు దగ్గర మిసెల్ జాడే లేదు. ఇప్పుడు నిండుగా ఉంది. సన్నటి థర్మామీటరు తెచ్చి క్యువెట్‌లోనే ముంచాను. తొట్టి చల్లారినా, మూసిన గూటిలో ఉన్న క్యువెట్ లోపల ఇంకా వేడిగా ఉంది. మళ్లీ వేడిచేసి చూస్తే, ఈసారి తొట్టి ముందు పరుగెడుతుంటే క్యువెట్ వెనకబడుతోంది. ఇన్నాళ్లూ నేను రాసుకున్నది తొట్టి వేడి, ద్రావణం వేడి కాదు.

సోమవారం సార్‌తో చెప్పాను. "పాత గ్రాఫులు ఏవీ పనికిరావు సార్."

ఆయన పాత గ్రాఫుల కట్టను పక్కకు జరిపారు. "సదస్సు పోతే పోయింది. ప్రతి డిగ్రీ దగ్గరా ఆగి చెయ్యి. షురూ చెయ్యి ఇగ."

ఆగడం నాకు శిక్షలా ఉండేది. క్యువెట్‌లోని థర్మామీటరు ఒక అంకె దగ్గర నిలిచేదాకా గోళ్లు కొరుక్కుంటూ, కారిడార్‌లోకి పోయి వచ్చేదాన్ని. అయినా ఆగాను. వానలు మొదలయ్యే వేళకు వేర్వేరు రోజుల గ్రాఫులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. సార్ వాటిని వెలుతురుకెత్తి చూసి, నవ్వి, ఇంకో పాలిమర్ సీసా నా చేతిలో పెట్టారు. దాని గొలుసు ఇంకా పొడుగు. అది ఏ వేడి దగ్గర ముద్దకడుతుందోనన్న ఆరాటం ఇంటికి వెళ్లే బస్సులోనే మొదలైంది నాకు.