కుండ కొత్వాలు కినుయో

కొరియామా స్టేషనుకు పడమటి వైపు, మూడో అంతస్తులో ఉన్న యుగెతెయ్ భోజనశాలకు నియమాలు నాలుగు. ఎంత తింటే అంత పెడతారు. వంద నిమిషాల్లో ముగించాలి. చివరి ఇరవై నిమిషాల్లో కొత్తగా ఏదీ తెప్పించుకోకూడదు. తెప్పించుకున్నది వదిలిపెట్టకూడదు. మొదటి నియమం కోసం ఊరంతా అక్కడికి వెళ్ళేది. మిగిలిన మూడింటి కోసం వెళ్ళినవాడు అంజాయ్ కిహచి ఒక్కడే.

వృత్తిధర్మం అటువంటిది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన రైళ్ళ వేళల పట్టికలు తయారుచేశాడు. మంచులో, వానలో రైళ్ళను సెకన్ల లెక్కన నడిపించిన ఆ మహానుభావుడు, కట్టుకున్న భార్యను మాత్రం ఒక్కనాడూ వేళకు గడప దాటించలేకపోయాడు.

ఆ భార్య కినుయో. పదిమంది బల్ల మీద ఉడుకుతున్న ఒకే కుండలోంచి తినేటప్పుడు ఎవరో ఒకరు పెత్తనం చెయ్యక తప్పదు. క్యాబేజీ ఎప్పుడు పడాలో, ఏ ముక్క ఉడికిందో, ఎవరి భోజనపు పుల్లలు తొందరపడి కుండలోకి దిగుతున్నాయో కనిపెట్టి శాసించే అధికారిని కుండ కొత్వాలు అంటారు. రాజ్యాలు పోయినా ఆ పదవి పోలేదు. కినుయో నలభై ఏళ్ళు కొత్వాలుగిరీ చేసింది. కిహచి ఆమె కింద నురుగు గుమాస్తా. మాంసం ఉడుకుతూంటే పైకి తేలే బూడిదరంగు నురుగును చిల్లుల గరిటెతో తీసి పక్క గిన్నెలో వెయ్యడం ఆయన పని. పదోన్నతి లేని ఉద్యోగం. రాజీనామాకూ వీల్లేదు.

జనవరిలో వాళ్ళు చివరిసారి వెళ్ళినప్పుడు కినుయో కబుర్లలో పడి ఆఖరి అన్నం మాట మరిచిపోయింది.

"ఏమండీ, అన్నం తెప్పించండి. ఈ రసంలో జావ కాచుకోకపోతే తిన్నట్టే ఉండదు."

"వేళ మించింది."

"ఎంత మించిందేమిటి?"

"రెండు నిమిషాలు."

"ఆ రెండు నిమిషాల్లో ఎవరి రైలు తప్పిపోయిందట? వడ్డించే హోషి గారిని అడిగితే తెచ్చిపెడుతుంది."

"అడగను. నియమం నియమమే."

కినుయో ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, చెయ్యి చాపి పొయ్యి ఆర్పేసింది. కరెంటు పొయ్యి మీట ఎప్పుడూ ఆమె వైపే ఉండేది. "పదండి మరి. మీ పట్టిక చల్లారిపోగలదు" అంది.

తొమ్మిదో రోజున ఆమె స్నానాలగదిలో పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

ఆ తరవాత మొదలైంది ఆవిరి. అన్నం కుక్కరు మూత తీస్తే ఆవిరిలో కినుయో. టీ నీళ్ళు మరిగితే కినుయో. ఏమీ అనదు. ఖాళీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఇంకా రాని దానికోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడుతుంది. కిహచి ఇంట్లో నీళ్ళు మరిగించడం మానేశాడు. చల్లటి సోయా పన్నీరు, చల్లటి టీ, పటం ముందు పెట్టడానికి దుకాణంలో కొన్న చల్లటి అన్నం. నెలన్నర గడిచేసరికి ఆయన కూడా ఇంచుమించు పటంలో మనిషిలాగే తయారయ్యాడు.

గుడి పూజారిని అడిగాడు. "నలభై తొమ్మిదో రోజుదాకా మనిషి ఇటూ అటూ కాకుండా ఉంటారు. ఆ రోజున వెళ్ళిపోతారు" అన్నాడాయన.

"ఆకలితో వెళ్ళిపోతే?"

పూజారి వేరే ఉద్యోగం చేసి రిటైరైన తరవాత ఈ పనిలోకి వచ్చినవాడు. "ఆకలి మనదండీ, వాళ్ళది కాదు. అయినా పెట్టి చూడండి. పోయేదేముంది."

అందుకని నలభై ఎనిమిదో రోజున, పదకొండున్నరకు, కిహచి యుగెతెయ్‌లో కూర్చున్నాడు. ఆ జావ ఇవాళ పెట్టాలి. రేపటికి పెట్టడానికి మనిషి ఉండదు.

బల్ల మీది తెర "ఎంతమంది?" అని అడిగింది. ఆయన రెండు నొక్కాడు. వడ్డనకు నిలబడ్డ హోషి గారు, యాభై దాటిన మనిషి, రెండు గిన్నెలు పెడుతూ, "అమ్మగారు వెనక వస్తున్నారా?" అంది. ఆవిడకు కబురు తెలియదు.

"వస్తుంది. ఎప్పుడు వేళకు వచ్చింది గనక" అన్నాడు కిహచి.

హోషి గారు మీట నొక్కి వెళ్ళాక కుండ మరిగింది. కొత్వాలు లేని కుండ ఎలా ఉంటుందో ఆ పూట లోకానికి తెలిసింది. క్యాబేజీ ముందు పడి ముద్దయింది. మాంసం అరక్షణం ఉండవలసింది అరనిమిషం ఉండి తోలైంది. నురుగు మాత్రం వంక పెట్టడానికి లేకుండా తీశాడు. ఎదురు కుర్చీ మీదికి ఆవిరి వంగుతూంది. ఆయన తల ఎత్తలేదు.

ఇంతలో పిల్లి ముఖం ఉన్న బండి తనంతట తాను దొర్లుకుంటూ వచ్చి బల్ల పక్కన ఆగింది. దాని మీద ఒక పళ్ళెం చామంతి ఆకు. కిహచికి చామంతి ఆకు వాసనే గిట్టదు. కినుయోకి ప్రాణం. ఆయన తెర మీద జాబితా తెరిచి చూశాడు. పన్నెండూ నాలుగుకు తెప్పించినట్టు ఉంది. పన్నెండూ నాలుగుకు ఆయన కుడిచేతిలో గరిటె, ఎడమచేతిలో నురుగు గిన్నె ఉన్నాయి.

"మోచెయ్యి తగిలుంటుంది" అని పైకే అనుకున్నాడు. వదిలిపెట్టకూడదు గనక, నియమం ప్రకారం ఆ ఆకంతా తినేశాడు. చేదుగా ఉంది. మొదటిసారి అది అంత చెడ్డగా అనిపించలేదు.

పన్నెండున్నరకే, తెప్పించుకునే గడువుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే, అన్నమూ గుడ్డూ తెప్పించాడు. అన్నం గిన్నెను ఎదురు కుర్చీ ముందు పెట్టాడు. నలభై ఎనిమిది రోజుల అలవాటున, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పోయినవాళ్ళకు పెట్టే తీరున, రెండు పుల్లలూ అన్నంలో నిలువునా గుచ్చేసింది.

పక్క బల్ల ముసలావిడ పుల్ల జారవిడిచింది. "ఏమిటండీ ఇది, మంగళవారం పూట, నలుగురూ తినేచోట" అంది. ఆవిడ భర్త మాంసం నములుతున్నవాడు అలాగే ఆగిపోయాడు.

హోషి గారు వచ్చింది. పుల్లల వంక, ఖాళీ కుర్చీ వంక చూసింది. ఇక ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"అంజాయ్ గారూ" అంది గొంతు తగ్గించి, "ఇక్కడ తినేవాళ్ళంతా బతికున్నవాళ్ళండీ."

"ఒకరు తప్ప" అన్నాడు కిహచి.

"ఎప్పుడు?"

"రేపటికి నలభై తొమ్మిది."

ఆవిడ పుల్లలు పీకి పక్కన అడ్డంగా పెట్టింది. "అమ్మగారికి పొడి అన్నం పెడతారేమిటి? ఆవిడ అడిగింది జావ. ఆ రోజు నేను అక్కడే నిలబడి ఉన్నాను. కానివ్వండి, అన్నం కుండలో వెయ్యండి. ఉహూ, గుడ్డు ఇప్పుడే కాదు. వేడి తగ్గించాక, కుండ అంచు చుట్టూ తిప్పుతూ పొయ్యాలి. ఇన్నేళ్ళూ ఆవిడ ఎదురుగా కూర్చుని ఏం చూశారండీ?"

"నురుగు" అన్నాడు కిహచి.

జావ రెండు గిన్నెల్లోకి పోశాడు. ఒకటి ఎదురుగా పెట్టి, అప్పుడు తలెత్తాడు. ఆవిరిలో ఉంది. గిన్నె పట్టుకునే ఉంది. కాకపోతే ఈసారి గిన్నె వైపు చూస్తూ ఉంది.

"తిను" అన్నాడు. "ఇవాళ వేళ చూడను."

అన్నట్టే గడియారం తీసి బోర్లా పెట్టాడు. ఆమె గిన్నెలో జావ చల్లారాక, పెట్టినదాన్ని దించి తినడం ఆచారం గనక, అదీ తాగాడు. కుండలో అడుగంటిన రసం ఇంకా ఆవిరి కక్కుతూంది. పొయ్యి ఆర్పితే ఆవిరి పోతుంది. ఆవిరి పోతే, రేపు పూజారి మంత్రాలు తప్ప ఏమీ ఉండవు. వేళ మించినా పొయ్యి ఆర్పనని నిశ్చయించుకున్నాడు. జీవితంలో తెలిసి తెలిసి మొదటి నియమభంగం చెయ్యడానికి నిటారుగా, గంభీరంగా కూర్చున్నాడు.

ఒంటిగంటా పదికి, వంద నిమిషాలూ నిండినట్టు గంట మోగింది. గంటతో పాటే పొయ్యి ఎర్రదీపం ఆరిపోయింది.

"హోషి గారూ, ఈ పొయ్యి తనంతట తాను ఆరుతుందా?"

"పాత సరుకండీ. ఎవరో ఒకరు మీట నొక్కాల్సిందే." ఆవిడ బల్లకు అవతలి వైపున్న మీటను చూసింది. ఆయన చేతుల పొడుగు చూసింది.

నలభై ఏళ్ళలో మొదటిసారి కినుయో వేళకు బయలుదేరింది.

కిహచి బయలుదేరలేదు. ఆవిరి పలచబడి, కుర్చీ వీపు మీది చెక్కగీతలు ఒక్కొక్కటే స్పష్టమయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. ఎనిమిది నిమిషాలు మించాయి. హోషి గారు పక్క బల్ల తుడుస్తూ ఉండిపోయింది, తుడిచిందే మళ్ళీ తుడుస్తూ.