కళ్ళజోళ్ళాయన రాజ్యాంగం

కళ్ళజోళ్ళాయన మౌస్ ముట్టుకోవడం మానేసిన రోజును చరిత్రలో ఎవరూ నమోదు చేయలేదు. చేసి ఉండాల్సింది. ఆ రోజుతో ఆ ఇంట్లో ఒక యుగం ముగిసింది. మౌస్ వెళ్ళి సొరుగులో పాత టార్చిలైటు పక్కన పడింది. కంప్యూటరు తెర మీద నల్లటి కిటికీ ఒకటి వెలిసింది.

పగలంతా ఆయన దుకాణంలో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, నెట్టులోంచి వీడియోలు దింపే ప్రోగ్రాముకు ఆ నల్ల కిటికీలో అక్షరం అక్షరం టైపు చేసి ఆజ్ఞలిస్తాడు. ఎప్పుడూ ఉండే ఆజ్ఞలను మాత్రం ఒక సెట్టింగుల ఫైల్లో రాసిపెట్టుకున్నాడు. బావమరిది దానికి రాజ్యాంగమని పేరు పెట్టాడు. ఫైలు పేరు పొట్టిగా, తేదీతో మొదలవ్వాలి. బొమ్మ నాణ్యత మధ్యరకం దాటకూడదు, డిస్కు నిండిపోతుంది. ఆఖరి సవరణ వేగానికి పగ్గం: నెట్టంతా తనే తాగేయకుండా బొట్టుబొట్టుగా దింపాలి.

ఆ సవరణ వెనక కథ ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకసారి భార్య తన అక్కతో వీడియోకాల్ మాట్లాడుతుంటే, ఈయన దింపుడు పుణ్యమా అని అక్కగారి ముఖం నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. భార్య నెట్టు కంపెనీని తిట్టిపోసింది. ఆయన కిక్కురుమనకుండా ఒక పంక్తి చేర్చాడు. తర్వాత ఆవిడ కంపెనీని మెచ్చుకుంది. అదీ విని ఊరుకున్నాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు తను కుట్టు నేర్పిన బడి మూతపడుతోందట. అక్కడ తీసిన పాఠాల వీడియోలు సాయంత్రానికి నెట్టులో ఉండవట. కాలర్ పాఠంలో బట్ట రెండో కొస పట్టుకున్న చేతులు ఆవిడ అమ్మవి. చనిపోయిన అమ్మ కదిలే, మాట్లాడే దృశ్యం ఇంకెక్కడా లేదు.

“ఏవండీ, దింపగలరా?”

“అదేం ప్రశ్న?” అంటూ ఆయన వేళ్ళు విరుచుకున్నాడు.

తెగిపోతే మళ్ళీ అందుకొమ్మని, విసుగు లేకుండా ప్రయత్నించమని, ముక్కలుగా విడగొట్టి అన్నీ ఒకేసారి తెమ్మని ఆప్షన్ మీద ఆప్షన్ తగిలించాడు. ఆజ్ఞ రెండో వరుసలోకి మళ్ళింది. ఎంటర్ నొక్కాడు. పని పూర్తయ్యేసరికి రేపవుతుందని తెర చెప్పింది.

“రాజ్యాంగం నత్తనడక నడుస్తోందే బావా,” అన్నాడు అప్పటిదాకా సోఫాలో పడుకున్న బావమరిది.

“తప్పు అవతలివాళ్ళదిరా.” ఇంకో రెండు ఆప్షన్లు తగిలించాడు. నత్త చలించలేదు.

“నా ఫోన్లో నెట్టు బాగానే వస్తోందిగా?” అందావిడ.

ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

“పగ్గం వేసింది నేనే,” అన్నాడు.

“ఎందుకూ?”

“నువ్వు మాట్లాడుకుంటావని. మీ అక్క ముఖం ఆగిపోయిందే, అప్పట్నుంచీ.”

“కంపెనీవాడికి ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పానండీ నేను.”

“విన్నాను.”

“ఇప్పుడు విప్పేయ్ బావా. ఈ అక్క ఇవాళ నోరు మూసుకుంటుందిలే.”

“ముందు నువ్వు మూసుకోరా,” అందావిడ, ఫోను పక్కన పెట్టేస్తూ.

సెట్టింగుల ఫైలును ఈ ఒక్కసారికి చూడొద్దని చెప్పే ఆప్షన్ ఒకటుంది. దేశాధినేతలు సైతం వెనకాముందూ చూసి వాడే రకం. ఆయన వాడాడు. పగ్గంతో పాటు తక్కిన నియమాలన్నీ రద్దయ్యాయి. పాఠాలు వరదలా దిగిపోయాయి.

పేర్లు మాత్రం మూరెడేసి వచ్చాయి, మధ్యలో గీతలు, అర్థంలేని అంకెలు. కాలర్ పాఠం తెరవాలని దాని పేరు టైపు చేయబోయి సగంలో తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తప్పాడు.

ఆవిడ సొరుగు లాగి, మౌస్ తీసి, తగిలించి, రెండుసార్లు నొక్కింది.

నాణ్యతకు అడ్డు లేకపోవడంతో అమ్మ చూపుడువేలి మీది సూది గాట్లు కూడా కనిపించాయి. “లాగకే, వంకర పోతుంది,” అంది అమ్మ.

మౌస్ ఇప్పుడు బల్ల మీదే ఉంటోంది.