ఒక ముక్క తక్కువ

నా చిన్నప్పుడు, నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్లకు, అంటే యేసును తలుచుకుంటూ సంఘమంతా కలిసి తినే ఆచారానికి, కావాల్సిన రొట్టె మా ఇంటి నుంచే వెళ్లేది. రాంగోపాల్‌పేట్‌లో రెండు గదుల అద్దె ఇల్లు మాది. శనివారం సాయంత్రం మా నాయనమ్మ ఉప్పూ సోడా ఏదీ వేయకుండా గోధుమపిండి కలిపి, పెనం మీద రొట్టెలు కాల్చేది. వాటిని గోరంత ముక్కలుగా కోసే పని నాది. నాకప్పుడు పదేళ్లు. బల్ల తీసుకునేవాళ్లు ఎంతమందో సంఘ పెద్ద ఒకాయన ముందే చెప్పి వెళ్లేవారు. సరిగ్గా అన్నే కోయాలి. మిగిలితే ఆశీర్వదించిన రొట్టెను ఎక్కడ పారేస్తామని నాయనమ్మ భయం.

ఒక శనివారం లెక్కలో ఒకరు పెరిగారు. ఆ ఒక్కరెవరో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా తాతయ్య ఆ చర్చిలో ముప్పై ఏళ్లు పాటలు నడిపించాడు. చివరి రోజుల్లో ఆయన మాట ముద్దగా వచ్చేది, నడక తూలేది. ఒక ఆదివారం పాట మధ్యలో నాలుక మడతపడితే, ముందు వరసలోంచి ఒకాయన లేచి, తాగొచ్చి దేవుని పాట పాడుతున్నాడని అందరి ముందూ అనేశాడు. పెద్దలు నమ్మారు. పాటలు మాన్పించారు, బల్ల దగ్గరికి రావద్దన్నారు. అది తాగుడు కాదు, పక్షవాతమని డాక్టరు చెప్పేసరికి తాతయ్య మంచం పట్టాడు. మళ్లీ బల్ల తీసుకోకుండానే పోయాడు. ఆ మాటన్నాయన సిగ్గుతో చర్చి మానేశాడు. రెండేళ్లకు తిరిగొచ్చి, సంఘం ముందు మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. పాస్టరు అయ్యగారు ఆయన్ని క్షమించామని చెప్పి, మొదటి ఆదివారం బల్ల తీసుకోవచ్చన్నారు.

నాకు ఒళ్లు మండింది. మా తాతయ్యకు దక్కనిది ఈయనకెలా దక్కుతుంది? నాలుగు కన్నీళ్లు కారిస్తే సరిపోతుందా? దేవుడి మీద కూడా కోపమొచ్చింది. అందుకే ఒక ముక్క తక్కువ కోశాను. కొత్తగా వచ్చినవాడు కదా, చివర్లో ఆయనకే లేకుండా పోతుందనుకున్నాను.

కానీ మా చర్చిలో పళ్లెం ముందు మగవాళ్ల వైపు తిరుగుతుంది. ఆడవాళ్లలో అందరి తర్వాత తీసుకునేది మా నాయనమ్మే. రొట్టె చేసినవాళ్లు చివరనే తీసుకోవాలని ఆవిడ పెట్టుకున్న నియమం. ఆ సంగతి కోపంలో నాకు గుర్తే రాలేదు. అందరూ ముక్క అరచేతిలో పట్టుకుని, కలిసి తినడానికి అయ్యగారి మాట కోసం చూస్తున్నారు. నాయనమ్మ చెయ్యి చాచింది. పళ్లెం ఖాళీ. పక్కనే కూర్చుని నేను ఆ ఖాళీ పళ్లేన్నే చూస్తున్నాను.

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి, తాతయ్యను నిందించిన ఆయన లేచాడు. అందరూ చూస్తుండగా ఇటు వచ్చి, తన గోరంత ముక్కను రెండు చేశాడు. "అమ్మా, గీ సగం మీరు తీస్కోండ్రి" అన్నాడు. చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. తీసుకోవద్దు నాయనమ్మా అని లోపల్లోపల మొరపెట్టుకున్నాను. ఆవిడ చాలాసేపు ఆ చేతికేసి చూసింది. తర్వాత తీసుకుంది.

ఇంటికొచ్చాక ఏడుస్తూ నా తప్పు చెప్పేశాను. నాయనమ్మ తిట్టలేదు, గోడకు ఆనుకుని కూలబడింది.

"నాకు నిన్ననే తెలుసే అమ్మడూ. నువ్వు కోశాక నేను లెక్కపెట్టాను. పిండి కూడా మిగిలే ఉంది, ఇంకోటి చెయ్యడానికి చేతులు రాలేదు. తగ్గేది నాకేనని తెలుసు. ఆయనతో కలిసి తినేకంటే తినకుండా ఉండటమే నయమనిపించింది" అంది. మళ్లీ తనే, "నేను వద్దనుకున్నదాన్ని దేవుడు ఆయన చేతికే ఇచ్చి పంపాడు, ఏం చెయ్యను?" అంది. ఆ గొంతులో సంతోషం లేదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు అది.

ఇప్పుడు యాప్రాల్‌లో మా చర్చికి రొట్టె నేనే కాలుస్తున్నాను. మోకాళ్లు సహకరించవు, మనసు అంతకంటే సహకరించదు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన ఒకావిడ పోయిన నెల నుంచి మళ్లీ వస్తోంది. దేవుడికున్నంత ఓపిక నాకు లేదు. ఆవిడ ముక్క దగ్గరికొచ్చేసరికి కత్తి ఆగుతుంది. ఆగినా కోస్తాను. ఆ రోజు గోరంత ముక్కలో సగం మింగడానికి మా నాయనమ్మకు ఎంతసేపు పట్టిందో నేను పక్కనే కూర్చుని చూశాను.