గొడ్డుపూల బజ్జీలు

మొన్న రైతుబజారులో ఒక ముసలాయన గుమ్మడి ఆకుల కట్ట విప్పుతుంటే, గరుకు ఆకు నలిగినప్పుడు వచ్చే ఆ పచ్చి వాసన గుప్పున ముక్కుకి తగిలింది. అంతే, బెండకాయల బేరం మధ్యలో వదిలేసి నలభై అయిదేళ్ళు వెనక్కి, నర్సీపట్నంలో మా పెరట్లోకి వెళ్ళిపోయాను.

డెబ్బైల చివరి సంగతి. గొలుగొండ వైపు నుంచి చెరుకు బళ్ళు వస్తుంటే వెనకనుంచి గడలు లాక్కుని దవడలు నొప్పెట్టేదాకా నమిలేవాళ్ళం. ఎండాకాలం జీడిపిక్కలు కాల్చుకుని మూతులు బొబ్బలెక్కించుకునేవాళ్ళం. మిగతా పిల్లలు తిని ఊరుకునేవారు. నేను ఊరుకునే రకం కాదు. నేల చప్పగా ఉంటే చెరుక్కి తీపి ఎక్కణ్ణించి వచ్చింది? జీడిపిక్క పండు లోపల ఉండకుండా బయట ఎందుకు వేలాడుతోంది? నా వేలు తగిలిందని అత్తిపత్తికి ఎలా తెలిసింది? చీకట్లో మొక్కలు పెరుగుతాయా, పడుకుంటాయా? మా మామ్మ దగ్గర అన్నిటికీ ఒకటే జవాబు. “దేవుడు సేసేడు. నోరు మూసుకుని అన్నం తిను.”

అమ్మ కంటే నాకు సుగుణ పిన్ని దగ్గరే చేరిక. చిన్నాన్న భార్య. నా ప్రశ్నలకి జవాబు తెలియకపోయినా, “నిజవే, ఎందుకంటావ్?” అని నాతోపాటు ఆలోచించేది. పెళ్ళై ఎనిమిదేళ్ళైనా పిల్లల్లేరు. ఆ మాట ఆవిడ ముందు ఎవరూ అనేవారు కాదు, ఆవిడకి వినబడేలా పక్కగదిలో అనేవారు. మా వీధిలో విత్తనం పెట్టాలంటే పిల్లల తల్లే పెట్టాలి. ఆ ఏడు కాలు బెణికి మామ్మ మంచమెక్కితే, అమ్మకి జ్వరమొస్తే, తొలకరి వాన దాటిపోతుందని గుమ్మడి గింజలు పిన్నే పెట్టేసింది.

అబ్బో, ఏం పాదు అది! శ్రావణానికల్లా వంటపాక కప్పెక్కి, అక్కణ్ణించి దడి మీదికి దూకి, పక్కింటివాళ్ళ దొడ్డి గోడ కూడా పట్టుకుంది. తెల్లారేసరికి కప్పు నిండా పసుప్పచ్చ పూలు. కానీ కాయ లేదు. పువ్వు కింద గోలీకాయంత పిందె కనిపించడం, నాలుగు రోజుల్లో పండుబారి రాలిపోవడం. మామ్మ కుంటుకుంటూ వచ్చి దిష్టి పోవాలని పాదుకి పాత చెప్పు కట్టింది. పాస్టరుగారు ఇంటికొస్తే మాత్రం దానిమీద ఆకు కప్పేది. చెప్పు కట్టినా పిందె నిలవలేదు.

అసలు బెంగ కోత పండగ గురించి. ఆ రోజు చర్చికి ప్రతి ఇంటివాళ్ళూ పెరట్లో పండింది పట్టుకెళ్ళి దేవుడి బల్ల ముందు పెట్టాలి. కొన్నది పెడితే పైకి అనకపోయినా వీధంతా తెలిసిపోతుంది. మాకున్నదల్లా ఆ గుమ్మడి పాదే. ఓ రాత్రి అన్నాల దగ్గర మామ్మ తేల్చి చెప్పేసింది. “ఆదివారం ఆ పాదు పీకేత్తాను. గొడ్డు సెయ్యి పడితే కాత్తాదేటి? ఇక ఈ ఇంట్లో ఇత్తనం మీద దాని సెయ్యి పడకూడదు.” పిన్ని తలెత్తకుండా కంచాలు తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే బడిలో సైన్సు మాస్టారు మందారపువ్వు చీల్చి చూపిస్తూ, పసుపురంగు పుప్పొడి పువ్వు మధ్యనున్న కీలాగ్రం మీద పడితేనే కాయ కడుతుందని చెప్పారు. మర్నాడు పొద్దున్నే పిందె ఉన్న గుమ్మడిపువ్వులో వేలు పెట్టి తిప్పాను. పొడి అంటలేదు. బడికి పరిగెత్తి మాస్టారికి చెబితే ఆయన నవ్వి, “ఒక్క పువ్వు సూసి వచ్చేసేవా? పాదు మీద పూలన్నీ ఒకేలా ఉన్నాయేటి? పక్కపక్కన పెట్టి సూడు” అన్నారు.

ఒకేలా లేవని నాకు తెలుసు. పిందె ఉన్నవి పొట్టి తొడిమవి, పిందె లేనివి పొడుగు కాడవి. పొడుగు కాడవాటిని మా ఇంట్లో గొడ్డుపూలు అనేవాళ్ళం. ఎలాగూ కాయవు కదా, ఉంచితే పాదు బలం తినేస్తాయని మామ్మ రోజూ తెల్లవారకుండా నాచేత ఒక్కటి మిగలకుండా కోయించేది. బియ్యప్పిండీ ఉప్పూ కారం కలిపి, అందులో ముంచి, పెనం మీద కరకరలాడేలా వేయించేది. వాటిలో సగం నా పొట్టలోకే పోయేవి. మర్నాడు ఒక గొడ్డుపువ్వులో వేలు పెట్టాను. వేలంతా పసుపు! పాదుకున్న పొడంతా ఇక్కడుంటే, దాన్ని రోజూ కోసి బజ్జీలు తిన్నది నేను. ఊరందరికీ ప్రశ్నలు వేసే నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పరిగెత్తి పిన్ని చెయ్యి పట్టుకుని పాదు దగ్గరికి లాక్కొచ్చి అంతా చెప్పాను. వింది, రెండు పూలూ చూసింది, “నువ్వే అంటించు, నా సెయ్యొద్దు” అంది. “నువ్వే అంటించాలి” అని మొండికేశాను. గొడ్డుపువ్వు రేకులు తుంచి, నాలుగు పిందె పూలలో అద్దింది. గుర్తుకి ఎర్రదారం కట్టాను. “బజ్జీలకి పూలేవే?” అని మామ్మ అడిగితే, ఆదివారం దాకా ఆ నాలుగు రోజులూ “పూయనేదు మామ్మా” అని నిక్షేపంలా అబద్ధమాడాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే మామ్మ కొడవలి పట్టుకుంది. పిన్నీ నేనూ గుడ్లప్పగించి నిలబడ్డాం. కప్పు మీద ఆకు పక్కకి తోసిన మామ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది.

“ఓలమ్మో! ఇదేటే, పిందె పిడికిలంతైంది!”

ఒకటి కాదు, నాలుగుకి మూడు నిలిచాయి. నల్లటి పచ్చతో నిగనిగలాడుతున్నాయి. నేను ఎగిరి గంతేసి జరిగిందంతా గడగడా చెప్పేశాను. మామ్మ ఓడిపోతుందా? “నీ పొడీ నేదు, గిడీ నేదు. నాను సెప్పు కట్టబట్టి కాసింది” అంది.

అప్పుడు పిన్ని, ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎదురుమాట అనని పిన్ని, కొంగు దోపుకుని అంది. “సెప్పు కాదండి అత్తయ్యా. మీరు బజ్జీలు మానబట్టి కాసింది.”

మామ్మే ముందు నవ్వింది, కొడవలి కింద పడేసి కడుపు పట్టుకుని నవ్వింది. కోత పండగనాడు అన్నిటికంటే పెద్ద గుమ్మడిపండు పిన్ని నెత్తిన పెట్టుకుని చర్చి మధ్యలోంచి నడిచి వెళుతుంటే, మామ్మ అటూ ఇటూ ఉన్నవాళ్ళని మోచేత్తో పొడిచి మరీ చెప్పింది. “మా సుగుణ సేతి పాదు!” నా జన్మలో మళ్ళీ అంతగా గర్వపడలేదు, బోటనీలో ఫస్టు వచ్చినప్పుడు కూడా.

మరుసటి తొలకరికి ఎదురింటామె బీరగింజలు పట్టుకొచ్చింది. “సుగుణా, బేగి రామ్మా, నీ సేత్తోనే పెట్టు.” ఆ తర్వాత మా వీధిలో ఆవిడ చెయ్యి పడని పాదు లేదు.

ఇప్పుడక్కడ పెరళ్ళు లేవు. దళ్ళు పీకి గదులు కట్టి అద్దెకిచ్చేశారు. కోత పండక్కి కొన్న యాపిళ్ళే పెడుతున్నారు, ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. గుమ్మడిపూల బజ్జీ అంటే మా మనవరాలు నన్ను ఎగాదిగా చూస్తుంది. మామ్మా లేదు, పిన్నీ లేదు.

పిన్నిని మట్టి చేసిన రోజున, ఆనవాయితీ ప్రకారం పాస్టరుగారు, “ఈ తల్లి పిల్లలు ముందుకి వచ్చి మట్టి వెయ్యండి” అన్నారు. కొత్తగా వచ్చినాయన, పిన్నికి పిల్లల్లేరని తెలియదు. నేను లేచాను. నా వెనక ఎదురింటామె కూతుళ్ళు లేచారు, వాళ్ళ వెనక పక్కింటివాళ్ళు, మూలింటివాళ్ళు, వాళ్ళ కోడళ్ళు లేచారు. మట్టి వెయ్యడం అయ్యేసరికి గంట పట్టింది.