గడపలో పడేసిన చీర

ప్రొద్దుటూరులో నేను పనిచేసే బట్టల అంగడికి ఎవరైనా పనికోసం వస్తే మా షావుకారు చదువు గురించి అడగడు. వాళ్ళు వచ్చే వేళకు గడప లోపల ఒక చీర కింద పడేయిస్తాడు. తీసి కళ్ళకద్దుకుని బల్లమీద పెట్టినవాళ్ళకే పని. దాటిపోయినవాళ్ళకు బట్టంటే భక్తి లేదని ఆయన లెక్క. మేనేజరుగా ఆ చీర పడేసేది నేనే. జమ్మలమడుగు నుంచి వచ్చిన డిగ్రీ పిల్లను కూడా అట్లాగే వెనక్కి పంపాం. సర్టిఫికెట్లు అబద్ధమాడతాయి గానీ చేతులు ఆడవని పదేళ్ళుగా నలుగురిలో శ్రీరంగనీతులు చెబుతూ వచ్చాను.

ఒకరోజు తొండూరు నుంచి ఒకామె వచ్చింది. పులివెందులలో రెండేళ్ళు చీరల అంగట్లో చేసిందట. కింద చీర చూసింది, ఆగింది, పక్కనుంచి తప్పుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. షావుకారు నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కబురు చెప్పాల్సింది నేను.

“పని లేదమ్మా” అన్నాను.

“ఏం తప్పు జేసినాన్నా? ఈ పని దొరక్కుంటే మళ్ళా గొర్రెల ఎంబడి పోవల్ల. నా కూతురు ఇంటర్ మానుకుంటాది.”

మనసాగక అసలు సంగతి చెప్పేశాను. ఆమె కోప్పడలేదు.

“ఆడ గూడా ఇట్లే చీర కిందబడింటే తీసి పెడతాంటి. దొంగిలిస్తాండావని అందరి ముందర నా సంచి దులిపిచ్చినారు. అప్పట్నుంచి చెప్పకుండా ఒకరి సొత్తు ముట్టుకోనన్నా. ముందుగాల చెప్పకుంటే మీ పరీక్ష ఎవురికి తెలుస్తాది?”

నాకు మాత్రం ముందే తెలిసింది. నేను పనికి వచ్చిన రోజు, ఎదురుగా టీ బంకు దగ్గర ఇక్కడి గుమాస్తా నా చెవిలో ఊదాడు, కింద చీర కనబడితే కళ్ళకద్దుకోప్పా అని. అద్దుకున్నాను. నా భక్తి అంతవరకే.

“ఏమంటాందప్పా ఆమె?” షావుకారు గల్లా దగ్గరనుంచి అడిగాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, చెబితే వినేవాడేమో. కానీ ఆ పరీక్షను తప్పుపడితే తీగ లాగితే డొంక కదిలినట్టు నా సంగతీ బయటికొస్తుందని భయపడ్డాను.

“ఏం లేదు సామీ” అన్నాను.

ఆమె విన్నది. తిట్టినా బాగుండేది.

“పోనీలేన్నా. నీ పని పోతే ఎట్ల, నీకు గూడా పిల్లోళ్ళుంటారు గదా” అని మెట్లు దిగిపోయింది.