బస్సులో రంగు పటం

ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు నేనూ మా మరిదీ ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాం. మరిది ఓడిన పార్టీకి బూత్ ఏజెంటు, మెడలో ఆ పార్టీ కండువా ఇంకా ఉంది. ముందు సీటాయన ఫోన్‌లో ఎన్నికల ఫలితాల పటం తెరిచి మా మొహాల మీదికి తిప్పాడు. పటమంతా ఒకటే రంగు.

"సూడప్పా, మీ రంగు యాడుంది? మీవాళ్ళు ఒక్కరన్నా మిగిలినారా?"

మరిది లేచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. పిడికిలి పైకి లేచింది.

పక్క సీటులో ఒకామె, మార్కెట్ యార్డులో పని కాబోలు, జుట్టు నిండా దూది. సంచిలోంచి కాస్త పత్తి తీసి, విప్పి విప్పి ఒడి నిండా పరిచింది.

"ఎంతుందన్నా?" అని ఫోనాయన్ని అడిగింది.

"శానా ఉంది."

అదంతా నొక్కి గుప్పిట్లో పట్టింది. "ఇంతే. పరిస్తే గుట్టంత కనపడతాది, కాటా మీద పెడితే అసలు బరువు తెలుస్తాది. నేలకు ఓటుందా అన్నా? నేలంతా గెలిచినోని రంగే పూస్తారు. ఓడినోనికి ఓటేసినోళ్ళు పటంలో ఉండరు, ఇట్ల పక్కనే కూసోనుంటారు."

వెనక ఎవరో నవ్వారు. మరిది చెయ్యి దిగింది. ఆయన చొక్కా సర్దుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పటికీ టీవీలో రంగు పటం వస్తే మరిది నన్ను పిలుస్తాడు. "వదినా, గుప్పిట్లో పడితే ఎంతుంటాదో!"